ఎనిమిదో మనిషి

"ఆదివారం తప్ప మరే రోజైనా మాకు సమ్మతమే" అని హాకీ లీగు వాళ్లకు ఉత్తరం రాసింది బుచ్చిబాబే. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఆఫీసు టైపు మిషను మీద, అందరూ భోజనాలకు లేచిన వేళ, కార్బను కాగితం పెట్టి మరీ కొట్టాడు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నడిచి వెళ్లి స్వయంగా డబ్బాలో వేసి, అది కింద పడిన చప్పుడు విని గానీ వెనక్కి తిరగలేదు.

బుచ్చిబాబుది బందరు. రాష్ట్రం ఒకటైనప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు హైదరాబాదు వచ్చిపడ్డాడు. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని కాపురం పెట్టాడు. మొదటి ఏడాదంతా ఆఫీసు బయట అతన్ని పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. ఒక సాయంత్రం ఖాళీ జాగాలో కుర్రాళ్లు హాకీ ఆడుతుంటే నిలబడి చూశాడు. చదువుకునే రోజుల్లో తానూ ఆడినవాడే. ఇంతలో ఆట ఆగి తగవు మొదలైంది. బంతి గీత దాటిందని సగం మంది, దాటలేదని సగం మంది.

"గా తెల్లంగి సార్‌ను అడుగుండ్రి. అప్పటి సంది చూస్తుండు కద" అన్నాడు వాళ్లలో ఒకడు.

బుచ్చిబాబు తీర్పు చెప్పాడు. మర్నాడు ఈల తెచ్చి అతని చేతిలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి, ఇంగ్లీషులో ఉత్తరాలు రాయగలడు గనక, న్యూ స్టార్ హాకీ క్లబ్బుకు సెక్రటరీని చేశారు. అది జరిగి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు అతను కూరగాయల సంచీ పట్టుకుని సందులో నడుస్తుంటే, రెండు వైపులా అరుగుల మీంచి "బుచ్చిబాబు సాబ్" అని పిలుస్తారు. ఆ పిలుపు కోసమే అతను ఈ ఊళ్లో ఉన్నాడంటే అబద్ధం కాదు.

క్లబ్బు అని పేరేగానీ దానికి మైదానం లేదు, గది లేదు. కర్రలు, గోల్‌కీపరు ప్యాడ్లు, బొందు తెగిన సంచీ బుచ్చిబాబు మంచం కింద ఉంటాయి. భార్య సుబ్బరత్నం రోజూ వాటి చుట్టూ ఊడుస్తుంది. ఆటగాళ్లంతా చెమటోడ్చి బతికేవాళ్లు. కాస్త బాగా ఆడేవాడెవడైనా తేలితే, రెండేళ్లు తిరక్కుండా ఏ బ్యాంకు జట్టో, రైల్వే జట్టో వచ్చి ఉద్యోగం చూపిస్తుంది. ఉద్యోగం ఇస్తామంటే వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? బుచ్చిబాబు విడుదల కాగితం మీద సంతకం పెట్టి, భుజం తట్టి పంపేవాడు. అలా నలుగురిని పంపాడు. పంపిన నలుగురూ మరుసటి ఏడు ఎదురు జట్టులో నిలబడి గోల్స్ కొట్టారు.

ఈ ఏడు లీగులో న్యూ స్టార్‌కు ఒక్క గెలుపూ లేదు. అది కాదు అసలు భయం. వానాకాలంలో ఒక ఆటకు ఆరుగురే వచ్చారు. ఈల వేసే వేళకు ఎనిమిది మందైనా మైదానంలో నిలబడకపోతే ఆట లేకుండానే ఓడినట్టు రాసుకుంటారు. దాన్నే వాకోవరు అంటారు. ఒకే ఏడు అలా రెండోసారి జరిగితే క్లబ్బు పేరు లీగులోంచి కొట్టేస్తారు. మళ్లీ చేరాలంటే మూడేళ్లు ఆగాలి. మూడేళ్లు ఆటలు లేకుండా ఈ మనుషులు ఒకచోట ఉండరు. ఎవరి బతుకు వాళ్లను ఎటో లాక్కుపోతుంది. మిగిలింది ఒక్క ఆట, బ్యాంకు జట్టుతో.

అలాంటి సమయంలో సుబ్బరత్నం పంచాంగం తీసింది. అప్పటికి వరసగా మూడు ఆదివారాలు, ఆఖరి నిమిషాల్లో, ఒక్కో గోలు తేడాతో ఓడి వచ్చారు.

"మీ ఆట ఎన్నింటికి మొదలవుతుంది?" అని అడిగింది.

"నాలుగున్నరకి."

"ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. సరిగ్గా దానికోసమే కాచుక్కూర్చుని ఈల ఊదుతున్నారన్నమాట. మా నాన్న ఆ వేళప్పుడు అరటిపళ్లు కూడా బేరమాడేవారు కాదు."

బుచ్చిబాబు నవ్వాడు. కానీ ఆ మాట మనసులో ముల్లులా దిగబడింది. మర్నాడు కుర్రాళ్ల దగ్గర సరదాగా అన్నట్టే అన్నాడు. గోల్‌కీపరు బిచ్చయ్య తొడ చరిచాడు. బిచ్చయ్య ఒక సినిమా హాల్లో రాత్రి కాపలా కాస్తాడు. జట్టులో అందరికంటే పెద్దవాడు, నోటి దురుసు కూడా అతనికే ఎక్కువ.

"గందుకేనా! చేతుల పడ్డ బంతి గూడ కాళ్ల సందుకెల్లి పోతుంది. ఇన్ని దినాలు నన్ను తిట్టిన్రు. నాది గాదు తప్పు, రాహువుది."

అందరూ నవ్వారు గానీ, పూర్తిగా నవ్వలేదు. స్టేషనులో సామాన్లు మోసే మొగులయ్య గంభీరంగా తల ఊపాడు. "మా ఊర్ల మంచి ఘడియ చూడకుండ నాగలి గూడ కట్టరు సాబ్. తారీఖు మార్పియ్యుండ్రి."

"ఔ, మార్పియ్యుండ్రి" అన్నారు అందరూ.

గఫూర్ ఒక్కడే తల గోక్కున్నాడు. బేకరీలో రొట్టెలు కాల్చే భట్టీ దగ్గర పనిచేసే మనిషి. "ఆదివారం వద్దంటే మరి ఏ రోజు సాబ్?"

"ఏ రోజైనా ఆదివారం కంటే నయమే కదా" అన్నాడు బుచ్చిబాబు.

జవాబు పది రోజులకు వచ్చింది. గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు, గన్‌ఫౌండ్రీ దగ్గరి మైదానంలో.

కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు గానీ బుచ్చిబాబుకు తాను చేసిన పని అర్థం కాలేదు. లీగు ఆటలన్నీ ఆదివారం పెట్టేది పనివాళ్లకు ఆ ఒక్కరోజే సెలవు కాబట్టి. బ్యాంకు వాళ్లకు ఏ రోజైనా ఒకటే. ఆట ఉన్న రోజు మైదానానికి వస్తే అదే వాళ్లకు డ్యూటీ. న్యూ స్టార్ వాళ్లకు గురువారం నాలుగింటికి ఎవడు సెలవిస్తాడు? రాహువును తప్పించబోయి జట్టు మొత్తాన్ని తీసుకెళ్లి పనిరోజు నోట్లో పెట్టాడు.

బుధవారం ఆఫీసు వదలగానే అబిడ్స్‌కు పరుగెత్తాడు. లీగు వ్యవహారాలు చూసే వామన్‌రావుకు అక్కడ కళ్లజోళ్ల దుకాణం ఉంది.

"ఆదివారమే పెట్టండి సార్. రాహుకాలమైనా సరే, ఆడతాం."

వామన్‌రావు చేతిలో ఉన్న కళ్లజోడు బల్ల మీద పెట్టాడు. "రాహుకాలమా? గిదా కారణం! మీ పోరగాండ్లకు ఆదివారం ఏదో ముఖ్యమైన పని ఉన్నదనుకున్న నేను. బ్యాంకోళ్లను బతిమాలి ఒప్పించిన, తెల్సా?"

"మావాళ్లంతా పనివాళ్లండీ."

"ఆ ముచ్చట ఉత్తరం రాసేటప్పుడు యాదికి రాలేదా? ఎంపైర్లకు చెప్పిన. ఈ ఆటతోని లీగు బంద్. నేనేం జెయ్యాలె?" కాసేపు బుచ్చిబాబు ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఎనిమిది మందిని పట్టుకరా. ఎనిమిది తలకాయలు కనవడాలె నాకు, గంతే. తర్వాత నీ మీద ఎన్ని గోల్స్ వడ్తె ఏంది, మీ పేరు ఉంటది."

ఆ రాత్రి బుచ్చిబాబు వేళ్లు మడిచాడు. రిజిస్టరులో ఉన్నది పదకొండు మంది. ఒకడు కాలు విరిగి ఊళ్లో ఉన్నాడు. ఒకడు మామ చావుకు కల్వకుర్తి వెళ్లాడు. మిగిలింది తొమ్మిది. అందులో ఐదుగురితో చిక్కులేదు. కాలేజీ కుర్రాడు రామకృష్ణ, అతని స్నేహితులిద్దరు, రాత్రి షిఫ్టులో అచ్చాఫీసుకు వెళ్లే జనార్దన్, బిచ్చయ్య. ఇంకా నలుగురున్నారు. ఆ నలుగురిలో ముగ్గురు రావాలి.

గురువారం ఒంటిగంటకు హెడ్‌క్లర్కు రాధాకృష్ణమూర్తి ముందు నిలబడి కడుపులో నొప్పిగా ఉందన్నాడు.

రాధాకృష్ణమూర్తి బల్ల కిందికి ఒకసారి వంగి చూశాడు. అక్కడ గోడకు ఆనించిన హాకీ కర్ర కనబడుతోంది. "నొప్పి ఆ వంకర కర్రతోనే వచ్చిందా, బుచ్చిబాబు గారూ? వెళ్లండి. రేపు సెలవు చీటీ మాత్రం రాసివ్వండి. అందులో అయినా నిజం రాయండి."

ముందుగా దర్గా దారిలోకి వెళ్లాడు. అక్కడ మస్తాన్ పూల దుకాణం. దారి పొడుగునా జనం. మస్తాన్, అతని తమ్ముడు, పెళ్లాం ముగ్గురూ కూర్చుని గులాబీలు గుచ్చుతున్నారు. దండలు పట్టలేక తట్టలు పొంగుతున్నాయి.

"సాబ్, ఇయ్యాల జుమేరాత్, దర్గాకు జనమొచ్చే గురువారం" అన్నాడు మస్తాన్ తల ఎత్తకుండానే. "వారం మొత్తంల నాకు దుకాణం నడిచేది గీ ఒక్క సాయంత్రం. జుమేరాత్ నాడు మస్తాన్‌ను ఆటకు రమ్మన్న మొదటి మనిషివి నువ్వే."

"మర్చిపోయాను మస్తాన్."

"పదకొండేండ్ల సంది గీ సందులనే ఉంటున్నవు కద సాబ్." అతని గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. ఒక దండ తెంపి ఇచ్చాడు. బుచ్చిబాబు దాన్ని ఏం చేయాలో తెలియక జేబులో కుక్కుకుని వచ్చేశాడు. ఇక మిగిలిన ముగ్గురూ రావాల్సిందే. ఒక్కడు తగ్గినా అంతే.

గౌలిగూడ బస్టాండుకు చేరేసరికి రెండు కావస్తోంది. కండక్టరు లక్ష్మణరావు భువనగిరి బస్సు మీద ఉన్నాడు. ఒకటిన్నరకే రావాల్సిన బస్సు. రాలేదు. బుచ్చిబాబు వచ్చే ప్రతి బస్సుకూ ఎదురెళ్లి బోర్డు చూశాడు. రెండుంబావు. రెండున్నర. కంట్రోలరు కిటికీ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాడు.

నాలుగోసారి అతను విసుక్కున్నాడు. "మీ సుట్టాలెవరన్న ఉన్నరా అండ్ల? ఘట్‌కేసర్ కాడ టైరు పేలిందట. వస్తది, యాడికి పోతది?"

ఆ బస్సును వదిలేసి స్టేషనుకు పోదామంటే కాళ్లు రావు. నిలబడదామంటే ప్రాణం నిలవదు. పావు తక్కువ మూడింటికి దుమ్ము కొట్టుకుని బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద నుంచే లక్ష్మణరావు అతన్ని చూశాడు. అతనూ కోస్తావాడే, తెనాలి ప్రాంతం.

"వస్తానండీ, వస్తాను. అట్లా చూడకండి, భయమేస్తోంది. సంచీ అప్పజెప్పి ఈల వేళకు మైదానంలో ఉంటాను. పొద్దుటి నుంచి అన్నం లేదు, కాస్త అరటిపండన్నా పెట్టించండి."

బుచ్చిబాబు రెండు పళ్లు కొని చేతిలో పెట్టి, ఉరుకులు పరుగుల మీద నాంపల్లి స్టేషనుకు వచ్చాడు. మొగులయ్య ఎర్ర చొక్కాతో ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉన్నాడు.

"మూడున్నర బండికి ఒక షాదీ పార్టీ ఉన్నది సాబ్. వాళ్ల పెట్టెలు బయటేసి ఉరికొస్త."

"బండి ఆలస్యమైతే?"

"ఐతే గా పెట్టెలు పట్టాల మీదనే ఉంటయ్. నేనైతే వస్త." అని నవ్వి, బుచ్చిబాబు ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "సాబ్, జర కూసో. నీళ్లు తాగు. మనం సచ్చేది లేదు."

కూర్చునే వ్యవధి లేదు. మూడుంబావుకు బేకరీ మెట్లెక్కాడు. వెనక భట్టీ గది నిప్పులా ఉంది. గఫూర్ పొడవాటి చెక్కతో రొట్టె పెట్టెలు లోపలికి తోస్తున్నాడు. చొక్కా లేదు. ఒళ్లంతా పిండి, చెమట. బుచ్చిబాబును చూసి కళ్లతోనే బేకరీ యజమాని సేట్ వైపు చూపించాడు.

"సేట్, రెండు గంటలు పంపండి చాలు. మీకు దండం పెడతాను."

సేట్ చెడ్డవాడు కాడు. వయసు మళ్లిన మనిషి, మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేవలేడు. "బుచ్చిబాబు, నా దగ్గర భట్టీ కాడ మనుషులు ముగ్గురు. ఒకడు పొద్దుగాల్నుంచి జ్వరంతోని పడ్డడు. సాయంత్రం రొట్టె మొత్తం ఈ ఇద్దరి మీదనే. నేను పెద్ద కంపెనీ కాదు, ఒకడు పోతే ఇంకొకణ్ని నిలబెట్టనీకి. ఆదివారం ఆడుండ్రి, నేనెప్పుడన్నా ఆపిన్నా?"

"సేట్, ఈ ఒక్కసారి..."

"నహీ." సేట్ గఫూర్ వైపు తిరిగాడు. "నువ్వు గూడ విను. ఇయ్యాల భట్టీ ఇడిసిపెట్టి పోతే, రేపు ఈ మెట్లు ఎక్కకు."

ఆ మాట బుచ్చిబాబు చెవులారా విన్నాడు. విని కూడా, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. అతను అనదలచుకున్నది "ఉండిపో గఫూర్" అని. నోటి నుంచి వచ్చింది మాత్రం వేరు.

"నాలుగింటికి ఈల."

బుచ్చిబాబు ఆగలేదు.

మైదానంలో బ్యాంకు వాళ్లు పదకొండు మంది తెల్ల బూట్లతో అప్పుడే చెమట పట్టేట్టు పరుగెడుతున్నారు. న్యూ స్టార్ వైపు రామకృష్ణ, అతని స్నేహితులు, జనార్దన్, బిచ్చయ్య. నాలుగుకు ఐదు నిమిషాలుండగా లక్ష్మణరావు ఖాకీ ప్యాంటు మీదే జెర్సీ తొడుక్కుని వచ్చాడు. నాలుగింటికి ఎర్ర చొక్కా విప్పుకుంటూ మొగులయ్య వచ్చాడు. ఏడుగురు.

"పది నిమిషాలు చూస్త" అన్నాడు ఎంపైరు. "పదకొండోది చూడ."

"నేను దిగుతానండీ" అన్నాడు బుచ్చిబాబు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని చొక్కా చేతులు మడుస్తున్నాడు కూడా.

వామన్‌రావు బల్ల దగ్గరి నుంచి అరిచాడు. "నీ పేరు రిజిస్టర్ల యాడున్నదయ్యా? సెక్రటరీవి నువ్వు. నువ్వు దిగితే ఆట చెల్లదు, ఊకో."

బిచ్చయ్య ప్యాడ్లు కట్టుకుంటూ అన్నాడు. "దిగనియ్యుండ్రి సార్. రాహువు గూడ మా దిక్కు ఆడుతుండని రాసుకోండ్రి, తొమ్మిది మందైతం."

ఎవరూ నవ్వలేదు. రామకృష్ణ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. మొగులయ్య కర్రతో నేలను పొడుస్తూ నిలబడ్డాడు. నాలుగు దాటి ఆరు నిమిషాలు. బుచ్చిబాబు గేటు దగ్గరికి పోయి రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. సైకిళ్లు, రిక్షాలు, ఒక బస్సు. ఎదురుగా ఉన్న బ్యాంకు మేడ మీంచి ఎవరో గుమాస్తాలు ఆట చూడ్డానికి కిటికీలు తెరుస్తున్నారు. గఫూర్ రావద్దు అని ఒకసారి, రావాలి అని ఒకసారి అతని మనసు కొట్టుకుంది. ఎక్కువసార్లు ఏమనుకున్నాడో అతనికి తెలుసు.

ఎనిమిదో నిమిషంలో గఫూర్ కనబడ్డాడు. ఉత్త కాళ్లతో, మోచేతుల దాకా పిండితో, రోడ్డు మధ్య నుంచి పరుగెత్తుకు వస్తున్నాడు. రిక్షావాడు తిట్టినా వినలేదు.

అప్పుడు బుచ్చిబాబు అడగవచ్చు. సేట్ ఏమన్నాడని ఒక్క మాట. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది, విన్నాక వెనక్కి పంపాల్సి వస్తుంది. అందుకని అడగలేదు. జెర్సీ తల మీంచి తొడిగి, కర్ర చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు.

"ఎనిమిది" అన్నాడు వామన్‌రావు, రాసుకుంటూ.

ఆ ఆట గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పదకొండు మంది మీద ఎనిమిది మంది. సగం ఆటకు ఆరు గోల్స్ పడ్డాయి. లక్ష్మణరావు కడుపు పట్టుకుని రెండుసార్లు కూర్చుండిపోయాడు. బిచ్చయ్య ప్రతి గోలు తర్వాతా బంతిని వలలోంచి తీసి, "దీన్ని నేనెరుగ" అని నడుమకు విసిరేవాడు. ఒక్కసారి మాత్రం, రెండో సగంలో, గఫూర్ తమ గోలు దగ్గర బంతి అందుకుని ఒక్కడే బయల్దేరాడు. ఉత్త కాళ్లు, పిండి చేతులు. ఒకణ్ని దాటాడు, ఇద్దరిని దాటాడు, నాలుగోవాణ్ని కూడా దాటి కొట్టాడు. బంతి గోలు కర్రకు తగిలి పక్కకు పోయింది. మైదానం చుట్టూ ఉన్నవాళ్లు అబ్బా అన్నారు. బుచ్చిబాబు గడ్డి మీద మోకాళ్ల మీద ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో అతనికే తెలియదు.

పదకొండు సున్నా. వామన్‌రావు కాగితం మీద సంతకం చేయించుకుని, "ఐపాయె. మీ పేరు ఉన్నది" అన్నాడు. కాలేజీ కుర్రాళ్లు గెలిచినట్టే ఎగిరారు. మొగులయ్య బిచ్చయ్యను ఎత్తబోయి కింద పడేశాడు.

బ్యాంకు జట్టు మేనేజరు దగ్గరికి వచ్చాడు. "ఆ సెంటర్ హాఫ్ ఎవరండీ, బూట్లు లేనతను? ఏం చదివాడు?"

అడిగింది ఎందుకో బుచ్చిబాబుకు అర్థమైంది. ఈసారి విడుదల కాగితం మీద పరుగెత్తి సంతకం పెడతాననుకున్నాడు. "నాలుగో తరగతండీ."

"అరెరె. ఉద్యోగానికి ఎనిమిదైనా ఉండాలి కదా" అని మేనేజరు నాలుక చప్పరించి వెళ్లిపోయాడు.

గఫూర్ గోడవార కూర్చుని అరికాల్లో దిగిన గాజు పెంకు తీసుకుంటున్నాడు. బుచ్చిబాబు పక్కన కూర్చున్నాడు.

"సేట్..." అని ఆగాడు.

"రేపటి సంది రావొద్దన్నడు సాబ్. నేను దిగేటప్పుడు రొట్టెలు లోపలనే ఉండె. మాడిపోయి ఉంటయ్."

"వచ్చినప్పుడే నాకు చెప్పొచ్చు కదా."

గఫూర్ అతని వైపు చూశాడు. చూపులో నిష్ఠూరం లేదు. "మీరు అడగలే కద సాబ్."

ఇద్దరూ కలిసి బేకరీకి వెళ్లారు. వీధి మొదట్లోనే మాడు వాసన. సేట్ కుర్చీ అలాగే ఉంది, సేట్ మాత్రం లేచి నిలబడి, మోకాళ్లు పట్టుకుని, నల్లగా మాడిన రొట్టెలను తానే తట్టలోకి ఎత్తుతున్నాడు. బుచ్చిబాబు చేతులు జోడించాడు. తప్పంతా తనదేనన్నాడు. ఆదివారం కాదని రాసింది తానేనన్నాడు. రాహుకాలం సంగతి కూడా చెప్పాడు.

సేట్ మొత్తం విన్నాడు. "ఎనిమిది మంది లేకుంటే నీకు ఆట లేదు. ముగ్గురు లేకుంటే నాకు భట్టీ లేదు. నువ్వు నీ ఎనిమిదోవాణ్ని నా ముగ్గుర్లకెల్లి తీసుకపోయినవ్. సాయంత్రం హోటళ్లోళ్లు వచ్చి ఉత్త చేతుల్తోని పోయిన్రు. రేపు వేరే బేకరీకి పోతరు. నేనెవరికి దండం పెట్టాలె, చెప్పు?"

సేట్ మళ్లీ తట్ట మీదికి వంగాడు. గఫూర్ వెళ్లి ఆ తట్ట అందుకుని, బయట కుప్పలో పోసి, ఖాళీ తట్ట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. సేట్ అతని ముఖం చూడలేదు.

సందు మొగలో గఫూర్ ఆగాడు. "ఇంటిదాంక రండి సాబ్. అమ్మీకి మీరే చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మదు, నేనే ఏదో లొల్లి చేసిన అంటది."

"ఏం చేస్తావు గఫూర్?"

"షోలాపూర్‌ల మామున్నడు. మిల్లుల పెట్టిస్త అని ఎప్పటి సంది అంటుండు. పోవాలె." చేతుల పిండి దులుపుకుంటూ అడిగాడు. "వచ్చే ఏడు లీగుల మన పేరు ఉంటది కద సాబ్?"

"ఉంటుంది."

"మంచిది."

గఫూర్ తల్లి ఖాజాబీ వాకిట్లో చాప వేసుకుని బొంత కుడుతోంది. చూపు సరిగా ఆనదు. సూదిలో దారం ఎక్కించుకోవడానికి కొడుకు రాక కోసం చూస్తున్నట్టుంది. బుచ్చిబాబు గొంతు వినగానే తల మీద కొంగు సర్దుకుని లేచి పీట వేసింది. వద్దన్నా వినకుండా కుంపటి మీద చాయ్ పెట్టింది.

"గెలిచిన్రా సాబ్?"

"లేదమ్మా. ఓడిపోయాం. కానీ క్లబ్బు నిలిచింది."

"నిలిస్తె సాలు. వీడు పొద్దుగాల అన్నం గూడ సక్కగ తినలే, ఎనిమిది మంది అయితరో కారో అనుకుంట." ఆమె గ్లాసు బుచ్చిబాబు చేతికిచ్చి కొడుకు వైపు తిరిగింది. "పాదానికేమైందిరా? కడుక్కో పో. రేపు భట్టీకి నాలుగింటికే లేపాల్నా, జర ఆలస్యంగ పోతవా?"

గఫూర్ బుచ్చిబాబు వైపు చూశాడు.

"లేపొద్దమ్మా" అన్నాడు బుచ్చిబాబు.

ఆమె ముఖం విప్పారింది. "ఛుట్టీ ఇచ్చిండా సేట్? మంచి మనిషి. ఎన్నడియ్యలే."

చాయ్ వేడికి వేళ్లు కాలుతున్నాయి. బుచ్చిబాబు గ్లాసు నేల మీద పెట్టాడు. పీట మీంచి లేచి, ఆమె ఎదురుగా చాప చివర కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాడు.